బరువు ఎంత లోతుకు దిగుతుంది? – స్లరీ ట్యాంకరు ఇరుసు నేర్పే పాఠం

విద్యార్థులారా! ఈనాటి మన పాఠం ఒక బండి ఇరుసు గురించి. అది మన ఊళ్ళలో కనిపించే బండి కాదు. డెన్మార్క్, నెదర్లాండ్స్, జర్మనీ, ఐర్లండ్ వంటి దేశాల్లో పశువులను పెంచే రైతులు వాడే స్లరీ ట్యాంకరు. స్లరీ అనే మాట మీకు కొత్త కాదు. గోబర్ గ్యాస్ ప్లాంటు నుంచి బయటికి వచ్చే పల్చని పేడనీళ్ళను మనం ఆ పేరుతోనే పిలుస్తాం. ఆ దేశాల్లో పశువులు ఏడాదిలో చాలా నెలలు కొట్టాల్లోనే ఉంటాయి. వాటి పేడ, మూత్రం, కొట్టం కడిగిన నీళ్ళు అన్నీ కలిసి పెద్ద తొట్టిలో చేరతాయి. ఆ ద్రవంలో నత్రజని, భాస్వరం, పొటాష్ ఉంటాయి కాబట్టి అది మంచి ఎరువు. దాన్ని పొలానికి తీసుకుపోయి చల్లే బండే స్లరీ ట్యాంకరు.

ఒక చిన్న లెక్క వేయండి. 20 ఘనపు మీటర్లు పట్టే ట్యాంకరు అంటే 20 వేల లీటర్లు. స్లరీ సాంద్రత నీటి సాంద్రతకు దగ్గరగానే ఉంటుంది కాబట్టి దాని బరువు సుమారు 20 టన్నులు. బండి సొంత బరువు కూడా కలిపితే మొత్తం 30 టన్నులకు అటూ ఇటూగా తేలుతుంది. ఇంత బరువు తారురోడ్డు మీద కాదు, మెత్తని పొలంలో నడవాలి. అప్పుడు చక్రం కింద ఉన్న మట్టికి ఏమవుతుంది? ఆ నష్టం తగ్గాలంటే ఇరుసును ఎలా మార్చాలి? ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెతుకుదాం. ఇందుకు మీరు బడిలో చదువుకున్న పీడనం, తులాదండం, పాస్కల్ నియమం చాలు.

పదునుకు ముందే పొలంలోకి

మన రైతులు ఏ పనికైనా అదనూ పదునూ చూడాలంటారు. నేలలో తేమ మరీ ఎక్కువ కాకుండా, మరీ తక్కువ కాకుండా ఉన్న స్థితే పదును. ఐరోపా రైతుకు కూడా ఈ సంగతి తెలుసు. కానీ అతనికి ఒక ఇబ్బంది ఉంది. స్లరీలోని నత్రజని చలికాలపు వానలకు కొట్టుకుపోయి నదుల్లో, భూగర్భజలంలో కలిస్తే నీరు కలుషితమవుతుంది. అందుకని ఐరోపా దేశాలు 1991లో నైట్రేట్ల మీద ఒక ఉమ్మడి ఆదేశం తెచ్చాయి. దాని ప్రకారం పశువుల ఎరువు ద్వారా హెక్టారుకు ఏడాదికి వేయదగిన నత్రజనికి 170 కిలోల పరిమితి పెట్టారు. చలికాలంలో కొన్ని నెలలు స్లరీ చల్లకూడదని నిషేధించారు.

నీటిని కాపాడటానికి ఇది మంచి నిబంధనే. అయితే దీని పర్యవసానం చూడండి. చలికాలమంతా తొట్టెలు నిండుతూ ఉంటాయి. వసంతం రాగానే పంటకు ఎరువు కావాలి, తొట్టె ఖాళీ కావాలి. సరిగ్గా ఆ సమయానికి నేల ఇంకా చిత్తడిగా ఉంటుంది. అంటే అత్యంత బరువైన బండి, నేల అత్యంత బలహీనంగా ఉన్న సమయంలో పొలంలోకి దిగుతోందన్నమాట. ఇరుసుల గురించి ఇంత ఆలోచించవలసి రావడానికి ఇదే కారణం.

మట్టి అంటే సగం ఖాళీ

మంచి పొలం మట్టిని ఒక గిన్నె నిండా తీసుకుంటే, అందులో దాదాపు సగం మాత్రమే ఘనపదార్థం. మిగతా సగం రంధ్రాలు. కొన్నింటిలో నీరు, కొన్నింటిలో గాలి ఉంటాయి. పెద్ద రంధ్రాల గుండా వాననీరు లోపలికి ఇంకుతుంది, వేళ్ళు దిగుతాయి, గాలి ఆడుతుంది. చిన్న రంధ్రాలు నీటిని పట్టి ఉంచుతాయి.

మట్టిమీద మోయలేని బరువు పడితే ముందుగా మూసుకుపోయేవి పెద్ద రంధ్రాలే. అప్పుడు వాననీరు ఇంకక పైన నిలుస్తుంది. వేళ్ళు కిందికి దిగలేక పక్కలకు వంగుతాయి. గాలి అందని తడిమట్టిలో కొన్ని సూక్ష్మజీవులు నైట్రేట్‌ను విడగొట్టి నత్రజనినీ, నైట్రస్ ఆక్సైడునూ వాయువులుగా గాలిలోకి వదులుతాయి. నైట్రస్ ఆక్సైడు 100 ఏళ్ళ కాలానికి లెక్కిస్తే కార్బన్ డయాక్సైడు కన్నా సుమారు 270 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కించే వాయువు. విచిత్రం గమనించారా? పంటకు నత్రజని ఇవ్వడానికి వెళ్ళిన బండే, నేలను అణగదొక్కి, ఆ నత్రజని గాలిపాలు కావడానికి కారణమవుతోంది.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోండి. నాగలి కదిలించే పైమట్టి అణిగితే దున్నకం వల్ల, మంచు గడ్డకట్టి కరగడం వల్ల, వానపాముల వల్ల కొన్నేళ్ళలో మళ్ళీ గుల్లబారుతుంది. నాగలి అందని అడుగుమట్టి సంగతి వేరు. 40 సెంటీమీటర్ల కిందికి వెళ్ళాక ఈ మరమ్మతులు దాదాపుగా జరగవు. బరువైన ఇరుసులతో స్వీడన్‌లోనూ, ఇతర చలిదేశాల్లోనూ ఏళ్ళ తరబడి జరిగిన క్షేత్ర ప్రయోగాలు ఈ విషయాన్నే చూపాయి. పైపొర దెబ్బ కొన్నేళ్ళకు మానింది. లోతున తగిలిన దెబ్బ దశాబ్దాలు నిలిచింది. కాబట్టి మన అసలు ప్రశ్న, ఒత్తిడి ఎంత లోతుకు దిగుతుందన్నది.

టైరు వెడల్పు చేస్తే చాలదా?

పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించగా వచ్చేది. ఇది మీకు తెలుసు. ఒక చక్రం మీద 5 టన్నుల బరువు, అంటే సుమారు 50 కిలోన్యూటన్ల బలం ఉందనుకోండి. టైరు నేలను తాకే వైశాల్యం చదరపు మీటరులో పావు వంతు అయితే పీడనం 200 కిలోపాస్కళ్ళు. టైరు వెడల్పయి, గాలి తగ్గి, తాకే వైశాల్యం అర చదరపు మీటరు అయితే పీడనం 100 కిలోపాస్కళ్ళు. టైరులోని గాలి పీడనమే నేలమీది పీడనాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది. 100 కిలోపాస్కళ్ళంటే 1 బార్.

మరి వెడల్పాటి టైరు వేస్తే సమస్య తీరినట్టేనా? ఇంట్లోనే ఒక ప్రయోగం చేసి చూడండి. నాలుగు బొంతలు ఒకదానిమీద ఒకటి పరచి, వాటి అడుగున మీ అరచేయి పెట్టండి. మీ తమ్ముణ్ణి పైనుంచి ఒక వేలితో గట్టిగా నొక్కమనండి. పై బొంతలో గుంట పడుతుంది గానీ అడుగున ఉన్న మీ చేతికి పెద్దగా తెలియదు. ఇప్పుడు అతణ్ణే అదే చోట కూర్చోమనండి. వేలితో పోలిస్తే పైపీడనం తక్కువే. అయినా మీ చేయి నలుగుతుంది! చిన్న చోట మోపిన కొద్ది బలం పక్కలకు చెదిరి త్వరగా పలచబడింది. పెద్ద చోట మోపిన పెద్ద బరువు అంత త్వరగా పలచబడలేదు.

దీనికి గణితం కూడా ఉంది. ఫ్రెంచి గణితవేత్త జోసెఫ్ బూసినెస్క్ 1885లో, పైన మోపిన బలం లోపలికి ఎలా వ్యాపిస్తుందో సూత్రాలు ఇచ్చాడు. ఆయన సూత్రాన్ని మన 5 టన్నుల చక్రానికి వేసి చూద్దాం. టైరు తాకే చోటు గుండ్రంగా ఉందనీ, పీడనం అంతటా సమానమనీ అనుకుందాం.

20 సెంటీమీటర్ల లోతులో: 200 కిలోపాస్కళ్ళ టైరు కింద 161, 100 కిలోపాస్కళ్ళ టైరు కింద 91. వెడల్పాటి టైరు పైమట్టిని బాగా కాపాడింది.

50 సెంటీమీటర్ల లోతులో: 68, 52. తేడా తగ్గింది.

మీటరు లోతులో: 22, 20. తేడా దాదాపు లేదు.

ఇప్పుడు టైరు పీడనం 100 దగ్గరే ఉంచి, చక్రం మీది బరువును సగానికి, అంటే రెండున్నర టన్నులకు తగ్గించండి. 50 సెంటీమీటర్ల లోతులో ఒత్తిడి 34కు పడిపోతుంది. మీటరు లోతులో 11 మాత్రమే. దీన్నిబట్టి పైమట్టి భాగ్యాన్ని టైరు పీడనం, అడుగుమట్టి భాగ్యాన్ని చక్రం మీది బరువు నిర్ణయిస్తాయని తెలుస్తోంది. జర్మన్ ఇంజనీరు వాల్టర్ సోనే 1950లలోనే ట్రాక్టరు టైర్ల కింద ఒత్తిడి వ్యాప్తిని లెక్కగట్టి ఈ సంగతి చెప్పాడు.

రైతుకు గుర్తుండే విధంగా దీన్ని కొందరు ఐరోపా శాస్త్రజ్ఞులు 2012లో రెండు సులువైన సూత్రాలుగా మలిచారు. మొదటిది: చిత్తడి నేలలో 50 సెంటీమీటర్ల కన్నా లోతున 50 కిలోపాస్కళ్ళకు మించి ఒత్తిడి పడకూడదు. రెండోది: చక్రం మీద ఒక టన్ను పెరిగితే ఆ 50 కిలోపాస్కళ్ళ హద్దు 8 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది, టైరు గాలి పీడనం రెట్టింపయితే మరో 8 సెంటీమీటర్లు దిగుతుంది. ఈ రెండు ఎనిమిదులను గుర్తుపెట్టుకోండి. ఇరుసుల మార్పులను వీటితోనే కొలుద్దాం.

ఇరుసులో చేసే మార్పులు

మొదటి మార్పు, ఇరుసుల సంఖ్య పెంచడం. రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు ఉన్న ట్యాంకరులో ఇరుసుల మీద 24 టన్నులు పడుతున్నాయనుకుందాం. చక్రానికి 6 టన్నులు. మూడో ఇరుసు చేర్చాం. దాని సొంత బరువు చక్రాలతో కలిపి ఒకటిన్నర టన్ను అనుకుంటే మొత్తం 25.5 టన్నులు. ఆరు చక్రాలకు పంచితే ఒక్కోదానికి 4.25 టన్నులు. తగ్గింది 1.75 టన్నులు. మన ఎనిమిది సూత్రం ప్రకారం హద్దు 14 సెంటీమీటర్లు పైకి వచ్చింది. టైరు గాలిని 2 బార్ నుంచి 1 బార్‌కు దించితే వచ్చేది 8 సెంటీమీటర్లే. రెండూ చేస్తే 22 సెంటీమీటర్ల నేల బతికింది.

అయితే ఆరు చక్రాలున్నంత మాత్రాన బరువు ఆరుగురికీ సమానంగా పంచుతుందా? పొలంలో ఎగుడుదిగుళ్ళు ఉంటాయి. గట్టెక్కిన చక్రం ఎక్కువ మోస్తుంది, గుంటలో ఉన్నది తక్కువ మోస్తుంది. దీనికి పాస్కల్ నియమం పరిష్కారం చూపింది. ప్రతి చక్రానికీ ఒక నూనె సిలిండరు పెట్టి, వాటిని గొట్టాలతో కలుపుతారు. ఒక చక్రం పైకి లేస్తే దాని సిలిండరులోని నూనె పక్క సిలిండర్లలోకి పోతుంది. కలిపి ఉన్న ద్రవంలో పీడనం అంతటా ఒకటే కాబట్టి, ఒకే సైజు సిలిండర్లు మోసే బరువు కూడా ఒకటే అవుతుంది.

రెండో మార్పు, ఇరుసులు తిరిగేటట్టు చేయడం. మూడు ఇరుసులు బిగించి ఉన్న బండి మలుపు తిరిగితే ముందు, వెనుక చక్రాలు దొర్లకుండా పక్కకు ఈడ్చుకుపోతాయి. తడిమట్టి మీద అది తాపీతో పూత పూసినట్టే. రంధ్రాల నోళ్ళు మూసుకుపోతాయి. అందుకని ముందు, వెనుక ఇరుసుల చక్రాలు మలుపును బట్టి తిరిగే ఏర్పాటు చేస్తారు.

మూడో మార్పు, ఇరుసు స్థానం. మన ఎడ్లబండిని తలచుకోండి. బరువు ముందుకు మొగ్గితే కాడి ఎద్దుల మెడ మీద పడుతుంది. వెనక్కి మొగ్గితే కాడి పైకి లేస్తుంది. అందుకే బండివాడు బస్తాలను ముందుకో వెనక్కో జరిపి సరిచూస్తాడు. ట్యాంకరూ అంతే. ఇందులో కాడి స్థానంలో ట్రాక్టరు హుక్కు ఉంటుంది. స్లరీని నేలలోకి దించే పనిముట్టు బండి వెనకాల వేలాడుతుంది. దాని బరువు 2 టన్నులు అనుకోండి. హుక్కు నుంచి ఇరుసుల మధ్యకు 6 మీటర్లు, పనిముట్టుకు 9 మీటర్లు. హుక్కు దగ్గర ఆధారం అనుకుని భ్రామకాలు లెక్కించండి: 2ను 9తో గుణించి 6తో భాగిస్తే 3. అంటే 2 టన్నుల పనిముట్టు వల్ల ఇరుసుల మీద 3 టన్నులు పెరిగాయి! ఆ అదనపు టన్ను హుక్కు దగ్గర తగ్గింది. ట్రాక్టరు వెనుక చక్రాల పట్టు సడలింది. పట్టు సడలితే చక్రం జారుతుంది, జారితే మట్టి మళ్ళీ మెదుగుతుంది. పైగా తొట్టె ఖాళీ అవుతున్నకొద్దీ ఈ సమతూకం మారిపోతుంది. అందుకే కొన్ని ట్యాంకర్లలో ఇరుసుల చట్రాన్ని హైడ్రాలిక్ సిలిండర్లతో ముందుకూ వెనక్కీ జరుపుతారు. ఇందులో బరువు మాయం కాదు, ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారుతుంది. ఎక్కడ మోయగల శక్తి మిగిలి ఉందో అక్కడికి పంపడమే ఇందులోని తెలివి.

నాలుగో మార్పు, చక్రాల జాడలు వేరు చేయడం. మూడు ఇరుసులూ ఒకే జాడలో నడిస్తే ఆ జాడ మీద మూడుసార్లు బరువు పడుతుంది. ఇరుసుల వెడల్పు ఒక్కోదానికి ఒక్కోరకంగా పెడితే ఒక్కో చక్రం కొత్త నేల మీద ఒక్కసారే నడుస్తుంది. ఇది మంచిదా? మొదటిసారి తొక్కినప్పుడే ఎక్కువ నష్టం జరుగుతుంది కాబట్టి, చక్రం బరువు నేల ఓర్చుకోగల హద్దులో ఉంటేనే ఇది మంచిది. హద్దు దాటితే, కొద్ది చోట జరగవలసిన నష్టాన్ని పొలమంతా పరచినట్టవుతుంది. అటువంటప్పుడు ఏటా ఒకే దారిలో బండి నడిపి, ఆ దారిని పంటకు కాక చక్రానికి వదిలేయడమే నయం.

వీటికి తోడు, గాలి పీడనాన్ని ట్రాక్టరు సీటు నుంచే మార్చే ఏర్పాటు వచ్చింది. రోడ్డు మీద వేగంగా పోయేటప్పుడు గాలి తక్కువైతే టైరు వేడెక్కి చెడిపోతుంది. పొలంలో గాలి ఎక్కువైతే నేల చెడిపోతుంది. అందుకని ఇరుసు గుండా గాలి గొట్టాలు పంపి, రోడ్డు మీద ఎక్కువ, పొలంలో 1 బార్ పరిసరాల్లో ఉండేటట్టు చూస్తారు.

మంచి ఇరుసు పన్నిన ఉచ్చు

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. మూడో ఇరుసు వచ్చింది, టైర్లు వెడల్పయ్యాయి, జాడ లోతుగా పడటం లేదు. అప్పుడు యజమానికి ఏమనిపిస్తుంది? ఇంకాస్త పెద్ద తొట్టె పెడదామనిపిస్తుంది. ఇరుసుల మీద బరువు 36 టన్నులయితే, ఆరు చక్రాలకు పంచినా ఒక్కోదానికి 6 టన్నులే. మొదలుపెట్టిన చోటికే తిరిగి వచ్చాం! పైగా ఇప్పుడు జాడ మీద రెండుసార్లకు బదులు మూడుసార్లు ఆ బరువు పడుతోంది.

ఇది నేను ఊహించి చెబుతున్న భయం కాదు. 2022లో థామస్ కెల్లర్, డానీ ఓర్ అనే శాస్త్రజ్ఞులు ఒక అధ్యయనం ప్రచురించారు. 1958లో ధాన్యంతో నిండిన కోతయంత్రం బరువు సుమారు 4 టన్నులు. 2020 నాటికి అది 36 టన్నులకు చేరింది. ఇంత పెరిగినా టైర్లు కూడా పెరుగుతూ వచ్చినందువల్ల నేలమీది పీడనం పెద్దగా మారలేదు. పైనుంచి చూసేవారికి అంతా బాగానే కనిపించింది. లోతున ఒత్తిడి మాత్రం పెరుగుతూ పోయింది. ప్రపంచపు సాగుభూమిలో దాదాపు అయిదో వంతుకు అడుగుమట్టి అణిగే ముప్పు ఎక్కువగా ఉందని వారు అంచనా వేశారు. నేటి అతిపెద్ద యంత్రాలను వారు పొడుగుమెడ రాక్షసబల్లులతో, అంటే సారోపాడ్ డైనోసార్లతో పోల్చారు.

కనుక ఇరుసు మార్పు విలువ, దాని తరువాత తీసుకునే నిర్ణయం మీద ఆధారపడుతుంది. బరువు అంతే ఉంచితే అది నేలకు రక్ష. బరువు పెంచడానికి వాడుకుంటే, అది నష్టాన్ని మన కంటికి కనపడకుండా లోతుకు తోసే సాధనం. జాడ పడలేదంటే నేల క్షేమమని అర్థం కాదు. ఒక పార తీసుకుని అర మీటరు తవ్వి చూస్తేనే నిజం తెలుస్తుంది. వేళ్ళు ఒకచోట ఆగి అడ్డంగా పాకుతున్నాయా, మట్టి పలకలు పలకలుగా విడిపోతోందా అని చూడాలి.

ఇంకొక దారి కూడా ఉంది. ట్యాంకరును గట్టు బయటే నిలిపి, పొడవాటి గొట్టం ద్వారా స్లరీని పంపు చేస్తారు. పొలంలో ట్రాక్టరు చల్లే పనిముట్టునూ గొట్టాన్నీ మాత్రమే లాక్కుంటూ తిరుగుతుంది. దీన్ని ఐర్లండ్ వంటి చోట్ల బొడ్డుతాడు పద్ధతి అని పిలుస్తారు. 20 టన్నుల స్లరీ బరువు పొలంలోకే రాదు. అయితే పొలాలు కొట్టానికి దూరంగా, చెల్లాచెదురుగా ఉంటే ఇది కుదరదు. అందుకే ఇరుసుల అవసరం పూర్తిగా పోలేదు.

మన నేలకు ఈ పాఠం

మనకు ఇంత పెద్ద స్లరీ ట్యాంకర్లు లేవు. కానీ ఈ సూత్రం మన పొలంలోనూ పనిచేస్తుంది. వరికి దమ్ము చేసేటప్పుడు మనం కావాలనే మట్టి రంధ్రాలను మూసేస్తాం. అడుగున గట్టిపొర ఏర్పడి నీరు నిలుస్తుంది. అది వరికి మేలు. వరి తరువాత వేసే మినుముకో పెసరకో అదే పొర వేళ్ళకు అడ్డం. తడి మళ్ళలో టైర్ల కోతయంత్రం బదులు చైను యంత్రాన్ని పిలుస్తారు. ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు. చైను వైశాల్యాన్ని పెంచి పైపీడనాన్ని తగ్గిస్తుంది, యంత్రం దిగబడకుండా కాపాడుతుంది. మొత్తం బరువును మాత్రం తగ్గించదు.

చివరగా మీకొక లెక్క. మనం చూసిన 2 టన్నుల పనిముట్టు ఉన్న ట్యాంకరులో ఇరుసులను ఒక మీటరు వెనక్కి జరిపారు. ఇప్పుడు ఆ పనిముట్టు వల్ల ఇరుసుల మీద పడే బరువు ఎంత? హుక్కు దగ్గర తగ్గేది ఎంత? చేసి చూడండి. మీ ఊళ్ళో ట్రాక్టరు ట్రక్కు కనిపిస్తే దాని చక్రాలు లెక్కపెట్టి, బస్తాల బరువు అడిగి, ఒక్కో చక్రం మీద ఎన్ని టన్నులు పడుతున్నాయో కట్టండి. ఆ బండి తడి పొలంలోకి దిగితే ఎంత లోతున ఉన్న మట్టికి ఆ సంగతి తెలుస్తుందో మీ మిత్రులతో చర్చించండి.